ఉప్పు పొట్లంతో వోల్టా వెంట

మొదటి రోజు: టెమా నుంచి అదా ఫోవా

ఘనాలోని టెమాలో మా వంటింటి కుళాయి తిప్పితే వచ్చేవి వోల్టా నది నీళ్ళే. ఈ సంగతి నాకు ఇక్కడికొచ్చిన నాలుగో ఏట తెలిసింది, అదీ నీళ్ళు రాని రోజున. ఎక్కడో పైపు పగిలి మూడు రోజులు బక్కెట్లతో తంటాలు పడుతుంటే, ఆఫీసులో నా పక్క సీటు యావో నవ్వి, "మా ఊరి నీళ్ళు మీకు రాలేదన్నమాట" అన్నాడు. ఏ ఊరు, ఏ నీళ్ళు అని అడిగితే నన్ను వింతగా చూశాడు. అతనిది నది ఒడ్డున ఉన్న మెపే. అప్పుడే అనుకున్నాను, నాలుగేళ్ళుగా తాగుతున్న నదిని ఒకసారైనా మొదటి నుంచి చూడాలని. యావో నా మాట సరిచేశాడు. "మొదటి నుంచి కాదు, చివరి నుంచి మొదలుపెట్టు. ఉప్పు వెళ్ళిన దారి అదే."

ఇక్కడ సంక్రాంతికి సెలవు లేదు కాబట్టి నేనే పెట్టుకున్నాను. తెల్లవారుజామునే ట్రోట్రో ఎక్కాను. పాత వ్యాను, పద్నాలుగు సీట్లలో పద్దెనిమిది మంది, తలుపు దగ్గర నిలబడి ఊళ్ళ పేర్లు పాటలా అరిచే కుర్రాడు. కాసే జంక్షన్లో దిగి షేర్ టాక్సీలో అదా ఫోవా చేరేసరికి పది దాటింది. హర్మట్టాన్ కాలం. సహారా నుంచి వచ్చే దుమ్ముగాలికి ఆకాశం నీళ్ళు కలిపిన మజ్జిగలా ఉంది, పెదాలు పగిలిపోయాయి.

ఇక్కడ వోల్టా సముద్రంలో కలుస్తుంది. ఒకవైపు అట్లాంటిక్ అలల హోరు, ఇంకోవైపు చప్పుడు లేని నది, మధ్యలో కొబ్బరిచెట్లున్న సన్నటి ఇసుక నాలుక. కోనసీమ వాడెవడైనా ఇక్కడ నిలబడితే అంతర్వేది గుర్తుకు రాక మానదు. పొడవులో కూడా ఇది దాదాపు మన గోదావరంతే, 1,500 కిలోమీటర్లకు అటూ ఇటూ. పరీవాహక ప్రాంతం మాత్రం నాలుగు లక్షల చదరపు కిలోమీటర్లు, ఆరు దేశాల్లో పరుచుకుని ఉంది. పేరు పెట్టింది పోర్చుగీసు నావికులు. వాళ్ళ భాషలో వోల్టా అంటే మలుపు, తిరుగుడు. ఒడ్డునుండే ఎవే జనం మాత్రం 'అము' అంటారు.

సాయంత్రం సొంగోర్ ఉప్పుకయ్య చూడటానికి వెళ్ళాను. ఎండాకాలంలో కయ్య ఎండిపోయి అడుగున ఉప్పు పొర కడుతుంది. మోకాళ్ళ లోతు బురదనీళ్ళలో ఆడవాళ్ళు వరసగా వంగి, చేతులతో ఉప్పు తోడి బుట్టల్లో వేస్తున్నారు. బుట్టను అదే ఉప్పునీళ్ళలో ముంచి ఊపితే బురద పోయి తెల్లటి గళ్ళు మిగులుతాయి. మంచినీళ్ళలో కడిగితే ఉప్పే పోతుంది కదా, ఆ మాత్రం తెలివి నాకు వాళ్ళు చెప్పాకే వెలిగింది.

రోడ్లు, రైళ్ళు లేని రోజుల్లో ఈ ఉప్పే అదాకు బంగారం. పడవల్లో నది మీద వారాల తరబడి పైకి వెళ్ళి, క్రాచి దగ్గర దిగి, అక్కడి నుంచి సలగా సంతకు చేరేది. సలగాలో కోలా కాయలు, గుడ్డలు, పశువులు, మనుషులు కూడా అమ్ముడుపోయేవారు. నేనూ రెండు కిలోల గళ్ళుప్పు కొన్నాను. ప్లాస్టిక్ కవర్లో కట్టి, పైన ఇంకో కవరు తొడిగి, "ఎక్కడికి తీసుకెళ్తావు?" అని అడిగింది అమ్మినావిడ. నది పైకి అన్నాను. కాయ నీళ్ళలో పడేసినట్టు బుడుంగుమని నవ్వింది.

రెండో రోజు: సోగాకోపే

ఈ రోజంతా ఆల్చిప్పల రోజు.

అదా నుంచి సోగాకోపే దాకా నది అడుగున ఒక రకం పెద్ద ఆల్చిప్పలు పెరుగుతాయి. ఎవేలో 'అడోడి' అంటారు. పడవలో ఒక చిన్న కంప్రెసర్, దానికి సన్నటి పొడవాటి రబ్బరు గొట్టం. గొట్టం చివర పళ్ళతో కరిచి పట్టుకుని మనిషి నదిలోకి దిగుతాడు, నడుముకు సీసం బరువులు. పైన ఇంజను ఆగితే కింద ఊపిరాగినట్టే. నేను చూసిన పడవలో పదిహేనేళ్ళ కుర్రాడు ఇంజను దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నాకు టెన్షన్, వాళ్ళకేం లేదు. ఇరవై నిమిషాల తర్వాత మొదట వల సంచీ, తర్వాత మనిషి పైకొచ్చారు.

ఒడ్డున పెద్ద గిన్నెల్లో ఆల్చిప్పలు ఉడకబెడుతున్నారు. ఉడికితే చిప్ప విచ్చుకుంటుంది. లోపలి మాంసం వేళ్ళతో లాగి, కడిగి, పుల్లలకు గుచ్చి పొగ పెడతారు. ఖాళీ చిప్పలు కుప్పలు కుప్పలు, కొన్ని నా ఎత్తు ఉన్నాయి. పారేయరు. కోళ్ళ దాణాలో కలుపుతారు, దారుల్లో పరుస్తారు, కాల్చి గోడలకు సున్నం చేస్తారు. అచ్చంగా మన గుల్లసున్నమే. చిన్న ఆల్చిప్పల్ని మాత్రం అమ్మరు. నదిలోనే ఎవరి జాగాలో వాళ్ళు కర్రలు పాతి హద్దులు పెట్టుకుని, నారు నాటినట్టు అక్కడ వదులుతారు, పెద్దయ్యాక తీసుకుంటారు.

అక్కడే ఒక కుప్ప ఎక్కబోయి జారాను. కుడి పాదం బొటనవేలి కింద చిప్ప అంచు బ్లేడులా కోసింది. రక్తం చూసి నాకంటే ఎక్కువ కంగారుపడింది ఉడకబెడుతున్న ఆంటీ. ఇక్కడ పెద్దావిడను ఎవరినైనా ఆంటీ అనే పిలుస్తారు, ఆ వరకు మన హైదరాబాదే. నది నీళ్ళతో కాలు కడిగి, తన తలగుడ్డ అంచు చింపి కట్టింది. ఆ నది నీళ్ళ సంగతి మళ్ళీ చెబుతాను.

పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ ఆవిడ చెప్పింది. వాళ్ళమ్మ కాలంలో ఆల్చిప్పలు ఇంకా చాలా పైకి, క్పోంగ్ వైపు దాకా దొరికేవట. అప్పట్లో మునిగి తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే, గొట్టాలూ ఇంజన్లూ లేకుండా. ఏటా వరద వచ్చేది, నది ఒడ్డు దాటి పొలాల్లోకి, మడుగుల్లోకి వెళ్ళేది. వరద తీశాక మడుగుల్లో చిక్కిన చేపలు పట్టుకునేవాళ్ళు, తడి నేలలో చిలగడదుంపలు వేసేవాళ్ళు. ఎండాకాలంలో సముద్రపు ఉప్పు నీళ్ళు పైకి ఎక్కేవి. ఆల్చిప్ప పిల్లలు పెట్టాలంటే నీళ్ళలో ఆ కాస్త ఉప్పదనం ఉండాలి. 1960ల్లో పైన ఆనకట్ట కట్టాక ఏడాది పొడవునా ఒకేలా నీళ్ళు వదలడం మొదలైంది. వరదా పోయింది, ఉప్పూ పైకి రావడం మానేసింది, నది మూతి దగ్గర ఇసుక మేట వేసింది, ఆల్చిప్పలు కింది కొసకు చేరాయి.

ఇంత చెప్పి, "అయినా కరెంటు కావాలి కదా" అంది. ఆవిడ ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్రీజరు ఉన్నాయి.

సోగాకోపే వంతెన మీద బండి ఆగితే చాలు, కిటికీల చుట్టూ రొట్టెల గంపలు. ఈ ఊరి రొట్టె దేశమంతా పేరు. తియ్యగా, మెత్తగా, దిండులా ఉంటుంది. రెండు కొన్నాను, ఒకటి ఆ రాత్రికే అయిపోయింది.

మూడో రోజు: మెపే, అటిమ్పోకు

యావో వాళ్ళ అమ్మ నన్ను చూడగానే "వోయెజో" అంది, రా నాయనా అన్నట్టు. మధ్యాహ్నం అక్ప్లే, బెండకాయ పులుసు. అక్ప్లే అంటే మొక్కజొన్న పిండి సంకటి. ముద్ద చేసి బెండకాయ జిగురులో ముంచి మింగాలి, నమలకూడదు. రాయలసీమవాడిని, సంకటి మింగడం నాకు ఒకరు నేర్పాలా? ఆవిడ మురిసిపోయి ఇంకో ముద్ద వేసింది.

ఇంటి గోడ మీద, నా భుజం ఎత్తులో, గోధుమరంగు గీత ఉంది. 2023 వరద గుర్తు. ఆ ఏడు సెప్టెంబర్లో జలాశయం నిండటంతో అకోసోంబో, క్పోంగ్ ఆనకట్టల నుంచి నీళ్ళు వదలడం మొదలుపెట్టారు. అక్టోబర్లో వదిలే నీళ్ళు బాగా పెంచారు. దిగువన మెపే, బాటర్, సోగాకోపే, అదా వైపు ఊళ్ళన్నీ మునిగాయి. 26 వేల మందికి పైగా ఇళ్ళు వదిలి బళ్ళలో, గుడారాల్లో ఉన్నారు. అరవై ఏళ్ళు వరద రాని నేల కదా, పాత వరదచోట్లలోనే ఇళ్ళు కట్టుకున్నారు, మునిగే చోటని గుర్తున్న ముసలివాళ్ళు ఎంతమంది మిగిలారు? "మా అమ్మమ్మ ఉంటే ఇక్కడ ఇల్లు కట్టనిచ్చేది కాదు" అంది ఆవిడ. గీతకు సున్నం వేయలేదేమని అడిగాను. యావో వద్దన్నాడట, ఉండనీ అని.

సాయంత్రం అటిమ్పోకు. అసుత్సువారె వైపు వెళ్ళే దారిలో నది నీళ్ళు పారే వరి మళ్ళు, అరటి తోటలు, నదిలో తేలుతున్న గుండ్రటి వలల్లో తిలాపియా చేపలు. క్పోంగ్ దగ్గర 1982లో కట్టిన రెండో ఆనకట్ట ఉంది, 160 మెగావాట్లు. మా కుళాయి నీళ్ళు శుద్ధయ్యేదీ ఈ క్పోంగ్ దగ్గరే. సెంచి దగ్గర నది మీద కొత్త రైలు వంతెన. టెమా నుంచి మపకదాన్ దాకా 97 కిలోమీటర్ల లైను, మన దేశం ఇచ్చిన అప్పుతో మన కంపెనీయే కట్టింది. టెమాలో మాతో దీపావళికి క్రికెట్ ఆడిన ఇద్దరు గుంటూరు కుర్రాళ్ళు ఈ లైను మీదే పనిచేశారు.

అటిమ్పోకులో నదిని దాటే అడోమి వంతెన, ఇనుప విల్లు. 1957లో కట్టారు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే. వంతెన మొదట్లో ఆడవాళ్ళు తలల మీద గాజు పెట్టెలు పెట్టుకుని బండ్ల వెంట పరుగెత్తుతారు. పెట్టెల్లో వేయించిన రొయ్యలు, అబొలో, ఇంకా వేలి గోరంత చేపలు. అబొలో అంటే ఆవిరి మీద ఉడికించిన తియ్యటి మొక్కజొన్న ఇడ్లీ అనుకోండి, ఆకులో చుట్టి ఇస్తారు. చిన్న చేపల పేరు 'వన్ మ్యాన్ థౌజండ్', ఒకడికి వెయ్యి. చారెడు నోట్లో పోసుకుంటే కరకరలాడుతూ పోయాయి. లెక్కపెట్టలేదు.

నాలుగో రోజు: అకోసోంబో

ఆనకట్ట చూపించడానికి గైడు ఉంటాడు, టికెట్ తీసుకోవాలి. రెండు కొండల మధ్య ఇరుకులో రాళ్ళూ మట్టీ పోసి కట్టిన కట్ట, 660 మీటర్ల పొడవు, 114 మీటర్ల ఎత్తు. ఈ ఇరుకు ఆనకట్టకు బాగుంటుందని ఆల్బర్ట్ కిట్సన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1915లోనే గుర్తించాడు. కట్టింది 1961 నుంచి 1965 వరకు. ప్రారంభించింది 1966 జనవరిలో, దేశ తొలి అధ్యక్షుడు క్వామే ఎంక్రుమా. మరుసటి నెల 24న సైన్యం ఆయన్ని దించేసింది. గైడు ఈ మాట చెప్పి, "స్విచ్ వేశాడు, ఆయన ఫ్యూజ్ పోయింది" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పాడో ఏమో, మేం నవ్వడానికి సరిగ్గా అంతసేపే ఆగాడు.

ఆరు టర్బైన్లు, ఇప్పుడు 1,020 మెగావాట్ల సామర్థ్యం. అదనపు నీళ్ళు వదలడానికి పన్నెండు గేట్లు. మేం వెళ్ళిన రోజున అన్నీ మూసే ఉన్నాయి.

నాకు అంతుపట్టనిది ఈ కరెంటు లెక్క. ఆనకట్టకు అప్పు ప్రపంచ బ్యాంకు, అమెరికా, బ్రిటన్ ఇచ్చాయి. ఇవ్వాలంటే కరెంటు కొనే పెద్ద గిరాకీ ఉండాలన్నారు. ఆ గిరాకీ టెమాలోని అల్యూమినియం కర్మాగారం వాల్కో, అప్పట్లో అమెరికన్ కంపెనీలది. తొలి ఏళ్ళలో ఆనకట్ట కరెంటులో సింహభాగం దానికే, యూనిట్ ధర అమెరికన్ సెంటులో దాదాపు పావు వంతు. ధర మార్చుకోవడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది. ఘనాలో అల్యూమినియం ఖనిజం బాక్సైట్ ఉంది, అయినా దాన్నుంచి తీసే అల్యూమినా జమైకా లాంటి చోట్ల నుంచి ఓడల్లో వచ్చేది. నేను రోజూ ఆఫీసుకు వెళ్ళేది ఆ కర్మాగారం గోడ పక్కనుంచే. వర్షాలు తగ్గిన ఏడు టెమాలో జనం సరస్సు మట్టం ఎన్ని అడుగులుందో క్రికెట్ స్కోరులా చెప్పుకుంటారు, 240 దగ్గరికి వచ్చిందంటే భయమే. కరెంటు కోతకు ఇక్కడ చక్కటి పేరుంది, 'డుమ్‌సోర్'. ట్వీ భాషలో ఆర్పు, వెలిగించు. 2012 నుంచి మూడు నాలుగేళ్ళు ఆ మాటే దేశ రాజకీయం. ఇప్పుడు కరెంటులో ఎక్కువ భాగం గ్యాస్ కేంద్రాల నుంచి వస్తోంది. టోగో, బెనిన్‌లకు కూడా ఇక్కడి నుంచే లైన్లు వెళ్ళాయి.

కట్ట మీద నిలబడితే ఎడమ పక్క సరస్సు, కుడి పక్క సన్నటి నది. సరస్సు అంటే చెరువులాంటిది ఊహించుకోకండి. 8,500 చదరపు కిలోమీటర్లు. మన నాగార్జునసాగర్ జలాశయం 285. ముప్ఫై సాగర్లు పక్కపక్కన పెడితే గాని ఇది నిండదు.

నా పాదం అప్పటికి వాచింది. ఊళ్ళో క్లినిక్‌కు వెళితే నర్సు కట్టు విప్పి మొదటగా అడిగింది గాయం గురించి కాదు. "నదిలో కాలు పెట్టావా?" పెట్టాను, సోగాకోపేలో కడిగారు, మెపేలో పడవ దిగేటప్పుడు కూడా మోకాళ్ళ దాకా దిగాను. ఆవిడ నిట్టూర్చింది. వేగంగా పారే నీళ్ళు నిలబడిపోతే కలుపు పెరుగుతుంది, కలుపులో నత్తలు, నత్తల్లో బిల్హార్జియా పురుగు. చర్మంలోంచి లోపలికి పోతుంది, గాయం అక్కర్లేదు. ఆనకట్ట వచ్చాక సరస్సు చుట్టూ, దిగువనా పిల్లల మూత్రంలో రక్తం పడటం మామూలైపోయింది. గాయానికి యాంటీబయాటిక్ రాసి, "ఆరు వారాల తర్వాత టెమాలో పరీక్ష చేయించుకో, మందు ఇప్పుడు వేసుకుంటే లాభం లేదు" అంది. మిగతా ప్రయాణమంతా నేను నీళ్ళను చూస్తూ పాదం వెనక్కి లాక్కుంటూ నడిచాను.

ఐదో రోజు

ఒకప్పుడు అకోసోంబో నుంచి యేజి దాకా సరస్సు మీద ఓడలో వెళ్ళేవాళ్ళు. ఆ సరదా నాకు కుదరలేదు, రోడ్డే. హో, హొహోయె, జసికాన్ మీదుగా దంబాయ్ చేరేసరికి చీకటి. ట్రోట్రో టైరు రెండుసార్లు పంక్చరైంది. రెండోసారి అందరం దిగి మామిడిచెట్టు కింద కూర్చుని సోగాకోపే రొట్టె పంచుకున్నాం. అంతే, ఆ రోజు గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

ఆరో రోజు: కేటె క్రాచి

దంబాయ్‌లో ఓటి నదిని దాటాను. వోల్టాకు వచ్చే మూడు పెద్ద ఉపనదుల్లో ఇది పొట్టిది. బెనిన్ కొండల్లో పుట్టి టోగో మీదుగా వస్తుంది. పరీవాహకం ఐదో వంతు కూడా లేదు కానీ మొత్తం నీళ్ళలో మూడో వంతు దాకా ఇదే తెస్తుంది.

కేటె క్రాచి ఉప్పు పడవల రేవు. ఇక్కడి దెంతె దేవుడి గుహ చుట్టుపక్కల జనానికి పెద్ద తీర్పుల చోటు. 1894లో జర్మన్లు ఆ గుడి పూజారిని చంపేసి, ఊరిని తమ వలస రాజ్యం టోగోలాండ్‌లో కలుపుకున్నారు. ఆ ఊరు, ఆ సంత, ఆ గుహ అన్నీ ఇప్పుడు సరస్సు అడుగునే. ఇప్పుడున్నది ఒడ్డున మళ్ళీ కట్టిన ఊరు.

మొత్తం 740 దాకా పల్లెలు మునిగాయి, 80 వేల మంది కదిలారు. 52 కొత్త ఊళ్ళు కట్టి ఇచ్చారు. ఒక్కో ఇంటికి పునాది అంతా వేసి, గది ఒక్కటే పూర్తి చేసి, పైన అల్యూమినియం రేకులు కప్పి, మిగతాది మీరే కట్టుకోండి అన్నారు. ఒక పెద్దాయన తన ఇల్లు చూపించాడు. ఆ గదిని గుర్తుపట్టడం సులువు. దానికి అతుక్కుని వేర్వేరు ఏళ్ళలో, వేర్వేరు ఇటుకలతో మూడు గదులు పెరిగాయి. రేకు మాత్రం అదే, తుప్పు పట్టలేదు. "అల్యూమినియం మంచిది" అని వేళ్ళతో తట్టి చూపించాడు. కరెంటు ఈ ఊరికి ఎప్పుడొచ్చిందని అడిగితే, నవ్వి, చేతిని గాలిలో దూరంగా తిప్పాడు.

మా అవ్వది శ్రీశైలం కింద మునిగిన ఊరు. 1981లో కదిలారు. వేసవిలో నీళ్ళు తీస్తే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం వెళ్ళి మొక్కుకుంటారు. ఆ సంగతి చెప్పి, మీ ఊరు ఎప్పుడైనా కనిపిస్తుందా అని అడిగాను. పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు. "చెట్లు కనిపిస్తాయి" అన్నాడు.

అవును, చెట్లు. అడవిని పూర్తిగా కొట్టకుండానే నీళ్ళు నింపారు. అరవై ఏళ్ళయినా మోళ్ళు నిలబడే ఉన్నాయి. మట్టం తగ్గినప్పుడు కొన్ని బయటికి తేలతాయి, తేలనివే ప్రమాదం. నిండుగా మనుషుల్నీ, యామ్ దుంపల్నీ ఎక్కించుకున్న చెక్క పడవలు వాటికి కొట్టుకుని బోల్తా పడిన వార్తలు ఏటా ఉంటాయి. వలలు కూడా వాటికే చుట్టుకుంటాయి. విడదీయడానికి చిన్న పిల్లల్ని దింపుతారు, వాళ్ళలో అమ్మకానికి, అప్పులకు తెచ్చుకున్న పిల్లలూ ఉన్నారు. ఈ చెర నుంచి తప్పించుకుని చదువుకున్న జేమ్స్ కోఫీ అన్నన్ అనే ఆయన పిల్లల్ని విడిపించే సంస్థ నడుపుతున్నాడు. పొద్దున నేను ఎక్కిన పడవలో నీళ్ళు తోడుతున్న పిల్లాడికి ఎనిమిదేళ్ళుంటాయేమో. మీ అబ్బాయా అని పడవ నడిపేవాణ్ణి అడిగాను. "మా అక్క కొడుకు" అన్నాడు. ఆ తర్వాత మేం ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఏడు, ఎనిమిది రోజులు: తమలే, యాపెయ్, బుయిపె

క్రాచి నుంచి తమలేకి రోజంతా పట్టింది, బండ్లు మారి మారి. పచ్చదనం పలచబడింది, షియా చెట్లు, మట్టి గోడల గుండ్రటి ఇళ్ళు మొదలయ్యాయి. ఇక్కడ నన్ను ఎవరూ ఆంటీల ఊళ్ళలోలా పలకరించలేదు, సలాం చెప్పి చేయి కలిపారు.

మర్నాడు ఒక పూటలో రెండు వోల్టాలు చూశాను. యాపెయ్ దగ్గర తెల్ల వోల్టా, దక్షిణానికి ఇంకో గంట వెళితే బుయిపె దగ్గర నల్ల వోల్టా. పేర్లు చూసి రంగులు వెతికితే నిరాశే, రెండూ బురద రంగే. ఇవి కలిసిన చోటు ఇప్పుడు సరస్సులోనే ఎక్కడో ఉంది. నల్ల వోల్టా బుర్కినా ఫాసోలో బోబో దియులాసో దగ్గర పుట్టి ముందు ఈశాన్యానికి వెళుతుంది, తర్వాత ఏదో మరిచిపోయినట్టు గిరుక్కున దక్షిణానికి తిరుగుతుంది. ఆ దేశం పేరే ఒకప్పుడు అప్పర్ వోల్టా. 1984లో థామస్ సంకారా ప్రభుత్వం బుర్కినా ఫాసోగా మార్చింది. నదులకూ అక్కడ ఇప్పుడు సొంత పేర్లే: నల్ల వోల్టా మూహూన్, తెల్ల వోల్టా నకాంబె, ఎర్ర వోల్టా అని ఇంకోటుంది, అది నజినోన్.

బుయిపెలో ఇంధన ట్యాంకులు. అకోసోంబో నుంచి సరస్సు మీద బార్జీల్లో ఇక్కడిదాకా ఇంధనం తేవడానికి కట్టినవి. రేవులో నిలబడి చూస్తే నాకు ఉప్పు పడవలు గుర్తొచ్చాయి. సరుకు మారింది, దారి అదే.

ఒక సంగతి మాత్రం మంచిగా మారింది. ఈ నదుల్లో నీళ్ళు ఉరికే చోట్ల నల్ల ఈగ గుడ్లు పెడుతుంది. అది కుడితే పురుగు ఒంట్లో చేరి చివరికి కళ్ళు పోతాయి. అందుకే మంచి నేల ఉన్న నది లోయలను వదిలేసి జనం దూరంగా బతికారు. 1974లో పడమటి ఆఫ్రికాలోని ఏడు దేశాలు కలిసి హెలికాప్టర్లతో నదుల మీద మందు చల్లడం మొదలుపెట్టాయి, తర్వాత ఐవర్‌మెక్టిన్ మాత్రలు పంచారు. 2002లో ఆ పథకం ముగిసేసరికి లోయల్లోకి మళ్ళీ మనుషులొచ్చారు. నదీ తీరాన పొలం ఉండటం అదృష్టమని మనం అనుకుంటాం. ఇక్కడ ఒక తరం క్రితం వరకు అది శాపం.

తొమ్మిదో రోజు: ప్వాలుగు

బోల్గటంగకు ముందు ప్వాలుగు వంతెన. దిగి నడుచుకుంటూ తెల్ల వోల్టా ఒడ్డుకు వెళ్ళాను. అదాలో అవతలి ఒడ్డు మసకగా కనిపించిన నది ఇక్కడ రాయి విసిరితే అవతల పడేంత. రెండు ఒడ్లా టమాటా మళ్ళు. డీజిలు పంపు టపటపమంటూ నీళ్ళు తోడుతోంది.

పంపు దగ్గరున్న రైతుతో మాట కలిసింది. వానాకాలం చివర్లో ఎగువన బుర్కినాలోని బాగ్రే ఆనకట్ట గేట్లు ఎత్తుతారు, ఏటా రేడియోలో హెచ్చరిక వస్తుంది, ఏటా పొలాలు మునుగుతాయి. కోతకు ఇంకో పది రోజులుందనగా వస్తే మొక్కజొన్న పోయినట్టే. ఎండాకాలంలో మళ్ళీ అదే బాగ్రే వదిలే నీళ్ళే ఈ టమాటాను బతికిస్తాయి. ప్వాలుగు దగ్గరే ఇంకో ఆనకట్ట కడతామని 2019లో శంకుస్థాపన చేశారు. "రాయి ఉంది, కట్ట లేదు" అన్నాడు. ఊళ్ళో టమాటా ఫ్యాక్టరీ కూడా అంతే, గోడలున్నాయి. పండిన టమాటా వ్యాపారులు చెప్పిన ధరకు ఇవ్వాల్సిందే, లేదంటే వాళ్ళు సరిహద్దు దాటి బుర్కినాలో కొనుక్కుంటారు. మదనపల్లె రైతు ఎవరైనా ఈ మాటల్ని అనువాదం లేకుండా అర్థం చేసుకుంటాడు.

ఆయన భార్య గట్టు మీద పొయ్యి పెట్టింది. ఒక టమాటా కోసి నా చేతిలో పెట్టింది. తొమ్మిది రోజులుగా సంచీలో మోస్తున్న పొట్లం తీశాను. పైకవరు చిరిగి గళ్ళు సంచీ నిండా పడ్డాయి, నా చొక్కాలన్నీ తెల్లటి చారలే. ఇది అదా ఉప్పు, నది మూతి దగ్గర నుంచి తెచ్చాను, వెనకటికి పడవల్లో ఇలాగే వచ్చేదట అని కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ ఒక గల్లు నోట్లో వేసుకుని చప్పరించింది. తర్వాత పొయ్యి వెనక నుంచి ఒక డబ్బా తీసి మూత తెరిచి చూపించింది.

అదే గళ్ళుప్పు, అదే రంగు.

"బోల్గా సంతలో కొంటాం" అంది. "అదా నుంచి లారీలో వస్తుంది."

నా టమాటా మీద ఏ ఉప్పు చల్లాలో అడగలేదు, తన డబ్బాలోంచే చల్లింది.